గది దాటని పిల్లల ఇంటివాళ్లకు మన నల్లగొండలో కూర్చుని మాట్లాడుకునే చోటు లేదా?

పానగల్లు_నాన్న

మా అబ్బాయికి ఇరవై ఏడేళ్లు. మూడేళ్ల నాలుగు నెలలుగా గది దాటి బయటికి రావడం లేదు. హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదివాడు. పరీక్షలు వాయిదా పడుతూ, రద్దవుతూ, మళ్లీ ప్రకటనలు వెలువడుతూ ఉండగా ఒకరోజు పుస్తకాల సంచీతో ఇంటికి వచ్చి, "నాలుగు రోజులు పండుకుంట బాపు, మళ్ల పోత" అన్నాడు. అప్పటి నుంచి నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేమందరం పడుకున్నాక వంటింట్లోకి వచ్చి అన్నం పెట్టుకొని తింటాడు, కంచం కడిగి బోర్లించి వెళ్తాడు. పొద్దున లేవగానే మా ఇంటామె ముందుగా ఆ కంచాన్ని తాకి చూస్తుంది. తడి ఉంటే ఆ పూటకు ఆమెకు ధైర్యం.

ఒక మానసిక వైద్యుని దగ్గరికి నేను ఒక్కడినే రెండుసార్లు వెళ్లాను. అబ్బాయిని తీసుకొని వస్తేనే చూడగలనని రెండుసార్లూ అన్నారు. గది దాటని పిల్లవాడిని ఎలా తీసుకురావాలో అడిగితే జవాబు దొరకలేదు. మా ఇంటామె పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. విస్తరి ముందు కూర్చోగానే ఎవరో ఒకరు "మీ పిలగాడు ఏం చేస్తుండు?" అని అడుగుతారని ఆమె భయం. పొదుపు చేసుకునే ఆడవాళ్లకు వాడవాడకూ సంఘం ఉన్నది, హమాలీలకు ఉన్నది, పింఛనుదారులకు ఉన్నది. మాలాంటి ఇంటివాళ్లు ఒకచోట కూర్చునే సంఘం మాత్రం నాకు ఇక్కడ దొరకలేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి. లేకపోతే దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ_మిల్లు

అన్నా, సంఘం సంగతి తరువాత చూద్దాం. ముందు ఇంట్లో ఇంటర్నెట్ తీసేయండి. రాత్రి వంటింట్లో అన్నం మిగల్చకండి. ఆకలైన మనిషి తనంతట తానే బయటికి వస్తాడు. మా చిన్నాయన కొడుకును ఆ విధంగానే బయటికి తెచ్చాము.

పిల్లలమర్రి_నీడ

మిల్లు అన్నా, మీరు మంచి కోరే చెప్పారని నాకు తెలుసు. కానీ ఆ పని మేము మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో చేసి చూశాము. ఇంటర్నెట్ తీసేసిన రాత్రి మా వాడు తలుపుకు లోపలి నుంచి బీరువా అడ్డం పెట్టుకున్నాడు. మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆ ఫోనులో వాడికి చదరంగం ఆడే స్నేహితులు ఇద్దరు ఉన్నారని నాకు ఆ తరువాత తెలిసింది. లోకంతో వాడికి మిగిలిన ఆ ఒక్క దారినీ నా చేతులతో నేనే మూసేశాను. నాలుగో రోజు తలుపు దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. మీ చిన్నాయన కొడుకు ఇప్పుడు ఎలా ఉన్నాడో చెప్పగలరా?

మిర్యాలగూడ_మిల్లు

అక్కా, మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. అతడు బయటికైతే వచ్చాడు. వచ్చిన వారానికే సూరత్ వెళ్లిపోయాడు. ఇప్పటికి రెండేళ్లయింది, ఇంటికి ఫోను చేయడు. మా చిన్నమ్మ పండుగ రోజున కూడా ఏడుస్తుంది. పైన నేనిచ్చిన సలహాను ఎవరూ పాటించవద్దని కోరుతున్నాను.

వార్డు_సిస్టరు

నేను పదకొండేళ్లుగా మానసిక రోగుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. గదిలో ఉండిపోవడం అనేది ఒక రోగం పేరు కాదు, దాని వెనుక చాలా కారణాలు ఉండవచ్చు. దిగులు రోగం, నలుగురిలోకి వెళ్లాలంటే కలిగే తీవ్రమైన భయం, చిన్నప్పుడు ఎవరూ గుర్తించని ఆటిజం, లేని గొంతులు వినబడే, లేనిపోని అనుమానాలు పుట్టే స్కిజోఫ్రేనియా అనే రోగం తొలిదశ, వీటిలో ఏదైనా కావచ్చు. ఏదీ కాకుండా, ఒక ఓటమి తరువాత సిగ్గుతో మొదలై అలవాటుగా గట్టిపడినది కూడా కావచ్చు. తనలో తాను మాట్లాడటం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, అన్నంలో ఏదో కలిపారని అనుమానించడం, నిద్రా తిండీ పూర్తిగా మానేయడం, చావు గురించిన మాట, వీటిలో ఏది కనబడినా సంఘాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుని సాయం తీసుకోవాలి.

రోగి రాకపోయినా ఇంటివాళ్లు మాట్లాడే దారి ఒకటి ఉన్నది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తండ్రి చేసినా తల్లి చేసినా వింటారు. పానగల్లు అన్నా, అబ్బాయి కంచం కడిగి బోర్లిస్తున్నాడని మీరు రాసిన వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. ఇంటి పట్ల అతనికి లెక్క ఉన్నదని ఆ పని చెబుతున్నది.

కోదాడ_కౌలురైతు

నాకు సంఘం అంటేనే భయంగా ఉన్నది. మాది చిన్న ఊరు. ఎవరు ఎవరి ఇంటికి ఎందుకు వెళ్లారో చీకటి పడేలోపు అందరికీ తెలుస్తుంది. మా పెద్దవాడు ఇంట్లో ఉండిపోయాడన్న మాట బయటికి పొక్కి మా అమ్మాయికి వచ్చిన మంచి సంబంధం వెనక్కి పోయింది. "పిచ్చి వాళ్ల వంశంలో ఉందా?" అని మధ్యవర్తిని అడిగారట. ఇటువంటి సంఘంలో ఎవరో ఒకరు నోరు జారితే ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారు?

గ్రంథాలయం_మూల

కౌలురైతు అన్న భయం న్యాయమైనదే. దానికి జవాబు నాకంటే అనుభవం ఉన్నవాళ్లు చెప్పాలి. నేను చదివినంతవరకు ఈ విషయంలో తల్లిదండ్రులు ముందుగా పెద్దయెత్తున కూడుకున్న దేశం జపాన్. అక్కడ ఈ స్థితిని హికికొమోరి అంటారు. ఆరు నెలలు లేదా అంతకు మించి బడికీ పనికీ వెళ్లకుండా, ఇంటి బయటి మనుషులతో సంబంధం లేకుండా ఉంటే ఆ మాట వాడతారు. 1998లో సైతో తమాకి అనే మానసిక వైద్యుడు రాసిన పుస్తకంతో ఆ మాట ఇంటింటికీ తెలిసింది. మరుసటి ఏడు, 1999లో, తల్లిదండ్రులే కలిసి కేహెచ్‌జే అనే సంఘాన్ని పెట్టుకున్నారు, అది తరువాత దేశమంతటా శాఖలున్న సమాఖ్య అయింది. 2009 నుంచి ప్రభుత్వం ప్రాంతాలవారీగా సహాయ కేంద్రాలను తెరిచింది. సంఘాలు ముందు వచ్చాయి, కేంద్రాలు ఆ తరువాత వచ్చాయి. ఇది మనకు పనికివచ్చే విషయమని నాకు అనిపించింది.

అక్కడ ఇంకొక మాట కూడా పుట్టింది, "8050" అని. ఎనభై ఏళ్ల తల్లిదండ్రులు యాభై ఏళ్ల బిడ్డను పోషిస్తున్న ఇళ్లను ఆ అంకెలతో పిలుస్తారు. 2019లో జపాన్ ప్రభుత్వం వెల్లడించిన సర్వే ప్రకారం 40 నుంచి 64 ఏళ్ల మధ్య వయసువారే సుమారు 6 లక్షల 13 వేల మంది ఇలా ఉన్నారు. మూడేళ్లేనని, నాలుగేళ్లేనని మనం అనుకుంటూ దాచిపెడితే కాలం ఎంత దూరం తీసుకుపోతుందో ఆ అంకె చెబుతున్నది.

డిండి_చెల్లె

పైన అందరూ కొడుకుల గురించే రాశారు. నేను మా చెల్లె గురించి రాస్తాను. ఇంటర్ తప్పినప్పటి నుంచి, అంటే తొమ్మిదేళ్లుగా, అది వాకిలి దాటలేదు. ఈ తొమ్మిదేళ్లలో ఒక్కరు కూడా దాన్ని కష్టమని అనుకోలేదు. చుట్టాలు వచ్చి, "ఎంత బుద్ధిమంతురాలు, గడప దాటని పిల్ల" అని మెచ్చుకొని వెళ్లేవారు. మా నాయన ఆ మాటకు సంతోషపడేవాడు. పెళ్లిచూపులకు ముందుగదిలోకి రమ్మన్న రోజున అది కళ్లు తిరిగి పడిపోయింది, అప్పుడు మాత్రమే ఇంట్లో అందరికీ భయం పుట్టింది. ఆడపిల్ల గదిలో ఉండిపోతే అది పద్ధతి అవుతుంది, మగపిల్లవాడు ఉండిపోతే అది సమస్య అవుతుంది. సంఘం పెట్టినప్పుడు అక్కచెల్లెళ్లను, అత్తగారింట్లో నోరు మూగబోయిన కోడళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

పిల్లలమర్రి_నీడ

చెల్లె, నువ్వు రాసినది చదివాక మా వీధిలోనే ఇద్దరు ఆడపిల్లలు నాకు గుర్తుకు వచ్చారు. ఇన్నాళ్లూ వాళ్ల గురించి నేను కూడా అలాగే అనుకున్నాను.

పాలమూరు_వలస

నేను మేస్త్రీ పని చేస్తాను. మీరందరూ చదువుకున్నవాళ్లలాగా ఉన్నారు, అయినా రాస్తున్నాను. మా తమ్ముడు పదహారేళ్లప్పుడే నాతో పుణె వచ్చి కట్టడం పనిలో చేరాడు. పనిచోట అతని కళ్లముందే ఒక మనిషి పైఅంతస్తు నుంచి పడిపోయాడు. ఆ తరువాత ఊరికి వచ్చి మళ్లీ కదలలేదు. మాది రెండు గదుల ఇల్లు, అందులో ఆరుగురం ఉంటాము. తలుపు వేసుకోవడానికి అతనికి గది లేదు. గోడవైపు తిరిగి పడుకుంటాడు, పిల్లలు అతన్ని దాటుకొని తిరుగుతుంటారు. పనిదొంగ అని ఊరంతా అంటుంది, నేను కూడా అన్నాను. మా అమ్మ నారాయణపేట దగ్గర ఉంటుంది. ఆమె చదువుకోలేదు. ఆమెలాంటి వాళ్లను మీ సంఘంలోకి రానిస్తారా?

పానగల్లు_నాన్న

తమ్ముడూ, మీ అమ్మగారు రాకపోతే ఆ సంఘం నాకు అవసరం లేదు. ఆమె పేరే ముందు రాసుకుందాం.

వార్డు_సిస్టరు

వలస తమ్ముడు చెప్పిన విషయంలో తొందర అవసరం. కళ్లముందు చావును చూసిన మనిషి ఇలా గోడకు తిరిగిపోవడం వెనుక ఆ దెబ్బ ఉండే అవకాశం ఎక్కువ, అది వైద్యంతో తగ్గే అవకాశం కూడా ఉన్నది. దయచేసి ఈ వారంలోనే 14416కు ఫోను చేయండి, నాకు కూడా సందేశం పంపండి.

గడియారం_సెంటర్

మంచి సంబంధం చూసి పెళ్లి చేస్తే బాధ్యత తెలిసి వీళ్లలో చాలామంది మారుతారని నా నమ్మకం. మా బంధువుల్లో ఒకరు అలాగే మారారు.

డిండి_చెల్లె

గడియారం సెంటర్ అన్నగారూ, ఆ ఇంటికి వచ్చే అమ్మాయి ఎవరి బిడ్డ? ఆమెను వైద్యంగా వాడుకోవడానికి ఆమె తల్లిదండ్రులు ఒప్పుకుంటారా అని ఒకసారి ఆలోచించండి. మా చెల్లెను కూడా అలాగే పంపించాలని చూశారు, నేను అడ్డం నిలబడ్డాను.

తలుపు_ఇవతల

నేను ఆ గదిలో నాలుగున్నర ఏళ్లు ఉన్నాను. ఇప్పుడు సూర్యాపేటలో ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాను. ఇక్కడ తల్లిదండ్రులే ఎక్కువగా ఉన్నారు కాబట్టి లోపలి నుంచి అది ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది.

నేను సోమరితనంతో పడుకున్నానని మా నాయన అనుకునేవాడు. నిజానికి రోజంతా నా మీద నేను తీర్పు చెప్పుకుంటూనే ఉండేవాడిని. తలుపు అవతల అడుగుల చప్పుడు వినబడితే గుండె దడదడలాడేది. అమ్మ అన్నం పెట్టి, "తిను నాయినా" అని వెళ్లిపోయిన రోజున తినగలిగేవాడిని, అక్కడే నిలబడి ఏడ్చిన రోజున తినలేకపోయేవాడిని. ఆమె ఏడుపుకు కారణం నేనే అన్న బరువు ముద్దతో పాటు గొంతులో అడ్డం పడేది.

మార్పు నాలో మొదలుకాలేదు, మా అమ్మలో మొదలైంది. హైదరాబాదులో ఉండే మా మేనత్త ఆమెను ఇంటివాళ్ల సమావేశాలకు తీసుకువెళ్లేది. నాలుగైదు సార్లు వెళ్లాక అమ్మ తలుపు దగ్గర పరీక్షల గురించి, పక్కింటి పిల్లవాడి ఉద్యోగం గురించి మాట్లాడటం మానేసింది. "పెరట్లో మల్లె పూసింది", "కరెంటు రెండు గంటల దాకా రాదంట" వంటి మాటలే చెప్పి వెళ్లేది. జవాబు చెప్పవలసిన అవసరం లేని మాటలు అవి. ఆరేడు నెలల తరువాత ఒకరోజు నేను లోపలి నుంచి, "ఎన్ని పూసినయి?" అని అడిగాను. అక్కడి నుంచి వాకిలి దాకా రావడానికి ఇంకొక ఏడాది పట్టింది, వైద్యం కూడా అవసరమైంది, మందులు ఇప్పటికీ వాడుతున్నాను. సంఘం మా అమ్మ కోసం పనిచేసింది. ఆమె ఊపిరి తేలికపడ్డాకే నాకు గాలి ఆడింది.

పానగల్లు_నాన్న

మీరు రాసినది మా ఇంటామెకు చదివి వినిపించాను. రెండోసారి చదవమని అడిగింది. మూడేళ్లుగా ప్రతిరోజూ పొద్దున నేను తలుపు దగ్గరికి వెళ్లి, "ఇయ్యాళ ఏమన్న ఆలోచించినవా?" అని అడుగుతున్నాను. రేపటి నుంచి అడగను.

వార్డు_సిస్టరు

తలుపు ఇవతల తమ్ముడూ, మీ అమ్మగారిలో వచ్చిన మార్పుకు శాస్త్రంలో కూడా ఆధారం ఉన్నది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలో మొదలుపెట్టిన పరిశోధనలో, స్కిజోఫ్రేనియాతో ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్లినవారికి రోగం ఎప్పుడు తిరగబెడుతున్నదో గమనించారు. ఇంట్లో ఎత్తిపొడుపులు, కోపం, మితిమీరిన తాపత్రయం ఎక్కువగా ఉన్నచోట అది తొందరగా తిరగబెడుతున్నదని తేలింది. తాపత్రయాన్ని కూడా ఆ లెక్కలో చేర్చారన్నది తల్లులు గమనించాలి. ఇంటివాళ్ల వల్లే రోగం వచ్చిందని దాని అర్థం కాదు. ఆ మాటతో ఏ తల్లినీ నిందించకూడదు. మాట తీరు మార్చుకోవడం నేర్చుకోవచ్చు, ఒంటరిగా కన్నా నలుగురితో కలిసి నేర్చుకోవడం సులువు. తాగేవారి ఇంటివాళ్లకు శిక్షణ ఇవ్వడానికి అమెరికాలో రూపొందించిన ఒక పద్ధతిని జపాన్‌లో ఈ తల్లిదండ్రులకు కూడా నేర్పుతున్నారు. రోగి రాకపోయినా ఇంటివాళ్లతో పని మొదలుపెట్టవచ్చన్నది దాని మూలసూత్రం.

అచ్చంపేట_అమ్మమ్మ

మా మనవడిని కట్టి ఒక దర్గాకు తీసుకువెళ్లి నలభై రోజులు అక్కడ ఉంచాలని మా వియ్యపురాలు పట్టుబడుతున్నది. నాకు మొక్కుల మీద నమ్మకం ఉన్నది, కానీ పిల్లవాడిని కట్టడం నాకు నచ్చడం లేదు. కాదంటే నాకు దేవుడంటే లెక్కలేదని అంటున్నది.

గ్రంథాలయం_మూల

అమ్మమ్మగారూ, మీరు మొక్కుకోండి, దీపం పెట్టండి, అందులో తప్పులేదు. కట్టడానికి మాత్రం ఒప్పుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడి అనే ఊరిలో గుడిసెకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. ఈ మాట మీ వియ్యపురాలికి చదివి వినిపించండి.

దేవరకొండ_టీచరు

సంఘం ఎలా మొదలుపెట్టాలని పానగల్లు అన్న అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. నా భర్త తాగుడు వల్ల నేను కొన్నేళ్లు అల్‌అనాన్ సమావేశాలకు వెళ్లాను. తాగేవారి ఇంటివాళ్ల కోసం 1951లో అమెరికాలో ఏర్పడిన సంఘం అది, తాగే మనిషి వచ్చినా రాకపోయినా అందులో ఇంటివాళ్లు కూర్చుంటారు. అక్కడ నేర్చుకున్నది మీకు చెబుతాను.

నలుగురు చాలు. నలభై మంది వచ్చేదాకా ఆగితే ఎప్పటికీ మొదలుకాదు. ఆసుపత్రిలో కూర్చోవద్దు, ఎవరి ఇంట్లోనూ కూర్చోవద్దు. కౌలురైతు అన్న భయానికి జవాబు ఇది: ఇంటిపేరు, ఊరిపేరు అడగకూడదు, ఫోటో తీయకూడదు, అందరి నంబర్లూ కనబడే వాట్సాప్ గుంపు పెట్టకూడదు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవారు మధ్యలో రాకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. ఇది అన్నింటికన్నా కష్టమైన నియమం, ఎందుకంటే మనవాళ్లం ప్రేమతోనే సలహాలు ఇస్తాము. మందుల పేర్లు ఒకరికొకరు చెప్పుకోకూడదు. నా పిల్లవాడు ఇలా చేశాడని కాకుండా, ఈ వారం నేను ఎలా ఉన్నానని మొదలుపెట్టాలి. మొదటి రెండు సమావేశాల్లో ఎవరికీ అది చేతకాదు, అందరూ పిల్లల గురించే చెప్పి ఏడుస్తారు. ఏడవనివ్వండి.

ఒకే మనిషి ఎప్పుడూ నడపకూడదు. మేము అలా ఒక పెద్దాయన మీద వదిలేశాము, ఆయన మంచాన పడగానే సంఘం ఆగిపోయింది. ఆ తప్పు మీరు చేయకండి.

కోదాడ_కౌలురైతు

ఇంటిపేరు అడగరంటే నేను వస్తాను. ఒక్కసారి వచ్చి చూస్తాను. మా ఇంటామెను తరువాత తీసుకువస్తాను.

మిర్యాలగూడ_మిల్లు

చాయ ఖర్చు నాది. మా చిన్నమ్మను తీసుకువస్తాను. నేను నోరు తెరవకుండా వింటాను.

అచ్చంపేట_అమ్మమ్మ

నేను అంత దూరం బస్సులో కూర్చోలేను. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి డబ్బు గురించి ఇబ్బంది లేదు, మోకాళ్లతోనే ఇబ్బంది. ఫోనులో అందరితో కలిసి మాట్లాడే వీలు ఉంటే నన్ను కలపండి.

తలుపు_ఇవతల

అమ్మమ్మా, ఫోనులో కలిపే పని నేను చూసుకుంటాను. వలస అన్న వాళ్ల అమ్మగారిని కూడా అందులోనే కలుపుతాను. ఆమె ఒక మీట నొక్కితే చాలు, చదవవలసిన పని ఉండదు.

పానగల్లు_నాన్న

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పదకొండు గంటలకు నల్లగొండలో కూర్చుందాం. ఒక మిత్రుడు తన ట్యూషన్ గదిని సెలవు రోజున ఇస్తానన్నాడు, బస్టాండు నుంచి నడిచి వచ్చే దూరమే. చోటు ఇక్కడ రాయను, రావాలనుకున్నవాళ్లకు విడిగా చెబుతాను. గదిలో నల్లబల్ల ఉన్నది, టీచరమ్మ చెప్పిన నియమాలను దాని మీద రాసి పెడతాను. ఫోనులో మాట్లాడేవాళ్లకు రాత్రి ఎనిమిది గంటలు అనుకూలమేనా?

పాలమూరు_వలస

ఎనిమిదికి మా అమ్మ వంట దగ్గర ఉంటుంది. తొమ్మిదికి పెట్టండి. సిస్టరమ్మ చెప్పిన నంబరుకు నిన్న రాత్రి ఫోను చేశాను, నలభై నిమిషాలు మాట్లాడారు. మళ్లీ గురువారం చేయమన్నారు.

పానగల్లు_నాన్న

తొమ్మిదికే పెడదాం.